రోబో శస్త్రచికిత్సలో కణితి జాడ

జీర్ణకోశ క్యాన్సర్లకు రోబో సాయంతో ఆపరేషన్ చేసేటప్పుడు, కణితి సరిగ్గా ఎక్కడుందో తేల్చుకునే పద్ధతులన్నిటినీ కలిపి కణితి స్థాన నిర్ధారణ అంటారు. వినడానికి చిన్న విషయంలాగే ఉంటుంది. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలింది, స్కాన్ తీశారు, ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు, ఇంకా వెతకడానికి ఏముందనిపిస్తుంది. చిక్కేమిటంటే, అన్నవాహిక నుంచి పురీషనాళం దాకా జీర్ణనాళంలో వచ్చే క్యాన్సర్లలో అధిక భాగం గోడ లోపలి పొరలో, అంటే శ్లేష్మ పొరలో పుడతాయి. గొట్టం వేసి చూసే డాక్టరు ఆ గోడను లోపలి నుంచి చూస్తారు. కోసే సర్జన్ అదే గోడను బయటి నుంచి చూస్తారు. కణితి ఇంకా లోపలి పొరల్లోనే ఉంటే బయటి గోడ నున్నగా, మామూలుగా కనిపిస్తుంది. ఈ జాడ తీయడం రోబో గదిలో జరిగే పని అని చాలామంది అనుకుంటారు. ఆధారాలను వరసపెట్టి చూస్తే అందులో పెద్ద భాగం వారాల ముందే, ఎండోస్కోపీ గదిలో తేలిపోతుందని అర్థమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో కర్ణాటక సరిహద్దు దాపునున్న రామసముద్రం, పుంగనూరు, కుప్పం లాంటి చోట్ల నుంచి వెళ్లే రోగుల విషయంలోనైతే ఆ ఎండోస్కోపీ గది ఒక ఊళ్లో, ఆపరేషన్ గది ఇంకో ఊళ్లో, తరచుగా ఇంకో రాష్ట్రంలో ఉంటాయి. స్థాన నిర్ధారణ పద్ధతుల మంచిచెడ్డలను ఆ దూరాన్ని లెక్కలోకి తీసుకోకుండా బేరీజు వేయలేం.

పొట్ట నిలువునా కోసి చేసే పాత ఆపరేషన్‌లో సర్జన్ దగ్గర ఒక గొప్ప సాధనం ఉండేది, చెయ్యి. పేగును రెండు వేళ్ల మధ్య జార్చుకుంటూ పోతే గట్టిగా తగిలిన చోటే కణితి. ల్యాపరోస్కోపీ ఆ చేతిని బయట పెట్టింది. రోబో ఇంకాస్త దూరం జరిపింది. సర్జన్ రోగికి కొన్ని అడుగుల అవతల కన్సోల్ ముందు కూర్చుని, లోతు తెలిసేలా పెద్దదై కనిపించే బొమ్మను చూస్తూ పరికరాలను నడుపుతారు. 2000లో అమెరికా ప్రభుత్వ అనుమతి పొందిన డావిన్సీ యంత్రం, దాని తర్వాత వచ్చినవి, మన దేశంలో తయారై వాడుకలోకి వచ్చిన ఎస్ఎస్ఐ మంత్ర, అన్నిటిదీ మౌలికంగా ఇదే ఏర్పాటు. చూపు మెరుగైంది, చేతి వణుకు పోయింది, ఇరుకు కటి భాగంలో కుట్టు వేయడం తేలికైంది. స్పర్శ మాత్రం పోయింది. 2024లో అనుమతి పొందిన డావిన్సీ 5 కొన్ని పరికరాల కొసన పడే ఒత్తిడిని సర్జన్ చేతికి తిరిగి తెలియజేస్తుంది. కణజాలాన్ని మరీ గట్టిగా లాగకుండా ఉండడానికి అది పనికొస్తుంది. కానీ శ్లేష్మ పొరలో చదునుగా పరుచుకున్న సెంటీమీటరు మచ్చను పట్టివ్వడం దాని వల్ల కాదు. నిజానికి అలాంటి మచ్చ మనిషి వేళ్లకు కూడా అందదు.

రోబో వచ్చినంత మాత్రాన ఫలితాలు బాగుపడతాయా అన్న ప్రశ్నకు జవాబు ఇంకా ఒక్క ముక్కలో తేలలేదు. 2017లో వెలువడిన రోలార్ అధ్యయనంలో పది దేశాల నుంచి 471 మంది పురీషనాళ క్యాన్సర్ రోగులను తీసుకుని పోల్చారు. మధ్యలో ఆపి పొట్ట కోయాల్సి వచ్చినవారు ల్యాపరోస్కోపీలో 12.2 శాతం, రోబోలో 8.1 శాతం. ఈ తేడా గణాంకపరంగా నిలబడలేదు. చైనాలో పెద్ద సంఖ్యలో రోగుల మీద జరిగిన రియల్ అధ్యయనంలో మాత్రం మధ్య, కింది పురీషనాళ క్యాన్సర్లలో మూడేళ్లకు అదే చోట తిరగబెట్టడం ల్యాపరోస్కోపీ తర్వాత 4.0 శాతం ఉంటే రోబో తర్వాత 1.6 శాతమే ఉంది. రోబో వృథా ఖర్చు అని కొట్టిపారేసేవారు ఈ రెండో అంకెను పట్టించుకోవాలి. అయితే పురీషనాళం స్థాన నిర్ధారణ పరంగా తేలికైన చోటని కూడా గమనించాలి. కింది భాగంలో కణితి గుద ద్వారం నుంచి వేలికి తగులుతుంది, ఎంఆర్ఐలో బాగా కనిపిస్తుంది. పైనున్న పెద్దపేగు, జీర్ణాశయం అలా దొరకవు.

పెద్దపేగుదే అసలు తిప్పలు. కొలొనోస్కోపీ రిపోర్టులో 30 సెంటీమీటర్ల దగ్గర కణితి అని రాస్తే అది లోపలికి వెళ్లిన గొట్టం పొడవే తప్ప పేగు పొడవు కాదు. గొట్టం లోపల చుట్టలు తిరుగుతుంది, పేగు దాని మీదికి మడతలు పడుతుంది. ఒకే చోటు లోపలికి వెళ్లేటప్పుడు ఒక అంకె, వెనక్కి వచ్చేటప్పుడు ఇంకో అంకె చూపిస్తుంది. చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోటును, అపెండిక్స్ నోటిని గుర్తుపట్టవచ్చు. ఆ రెంటికీ, పురీషనాళానికీ మధ్యనున్న పొడవాటి భాగంలో నమ్మదగ్గ గుర్తులు చాలా తక్కువ. 2017లో వచ్చిన ఒక సమగ్ర సమీక్ష అనేక అధ్యయనాలను కలిపి లెక్కగడితే, కొలొనోస్కోపీ మీదే ఆధారపడినప్పుడు స్థానం తప్పిన కేసులు సుమారు 15 శాతం ఉన్నాయి. సిరా గుర్తు పెట్టిన చోట అవి 10 శాతం దాకా తగ్గాయి. తగ్గాయే గాని పోలేదు. ఎడమ వైపున్నదని ఒక భాగాన్ని తీయడానికి సిద్ధమై, తీరా చూస్తే అది అడ్డపేగులో ఉంటే రక్తనాళాలను కట్టే చోటు మారుతుంది, రోబో చేతులకు రంధ్రాలు వేయాల్సిన చోటు మారుతుంది, ఒక్కోసారి ఆపరేషనే మారుతుంది. జీర్ణాశయంలో చిక్కు ఇంకో రకం. తొలిదశ క్యాన్సర్‌లో కణితి పై అంచు నుంచి కనీసం 2 సెంటీమీటర్లు, గోడలోకి దిగినవాటిలో 3, పాకుతూ వ్యాపించే రకంలో 5 సెంటీమీటర్లు వదిలి కోయమని జపాన్ మార్గదర్శకాలు చెబుతాయి. ఆ గీత ఎక్కడ పడుతుందన్న దాన్ని బట్టే రోగికి జీర్ణాశయంలో పై భాగం మిగులుతుందా, మొత్తం పోతుందా అన్నది తేలుతుంది. మొత్తం పోతే బి12 సూదులు జీవితాంతం వెంట ఉంటాయి, బరువు తగ్గడం, తినగానే కళ్లు తిరగడం కూడా ఉండవచ్చు. రెండు సెంటీమీటర్ల పొరపాటు ఇక్కడ చిన్నది కాదు.

వాడుకలో ఉన్న పద్ధతుల్లో పాతది, చవకైనది సిరా. పోన్‌స్కీ, కింగ్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు 1975లో దీన్ని వర్ణించారు. ఎండోస్కోపు గుండా సన్నని సూది పంపి, శ్లేష్మ పొర కింద నల్లటి కార్బన్ సిరా ఎక్కిస్తే అది ఒంటి మీద పచ్చబొట్టులాగే ఏళ్ల తరబడి నిలిచి, బయటి గోడ మీద నల్లగా కనిపిస్తుంది. ఒకప్పుడు ఇండియా ఇంకును మరగబెట్టి వాడేవారు. ఇప్పుడు సూక్ష్మక్రిములు లేకుండా తయారుచేసిన కార్బన్ ద్రావణాలు దొరుకుతున్నాయి. పని సులువే, నైపుణ్యం మాత్రం కావాలి. సూది నిటారుగా గుచ్చితే గోడ దాటిపోతుంది, సిరా పొట్టలో చిందుతుంది, సర్జన్ తెర మీద ఎటు చూసినా నలుపే కనిపిస్తుంది. అప్పుడప్పుడు వాపు, చీము కూడా పడతాయి. అందుకే జాగ్రత్తపరులు ముందు కాస్త సెలైన్ ఎక్కిస్తారు. శ్లేష్మ పొర బొబ్బలా ఉబ్బితే సూది సరైన పొరలో ఉన్నట్టు. సూదిని కదపకుండా సిరంజి మార్చి ఆ బొబ్బలోకే సిరా పంపుతారు. కణితి కిందే సిరా వేస్తే, తర్వాత దాన్ని ఎండోస్కోపుతోనే తీసే వీలున్నా ఆ చోట గట్టిపడి పొర విడివడదు. కాబట్టి ఐరోపా ఎండోస్కోపీ సంఘం కణితికి కనీసం 3 సెంటీమీటర్లు కిందుగా, గుదం వైపున, పేగు చుట్టూ రెండు మూడు చోట్ల వేయమంటుంది. ఒక్క చోటే వేస్తే, అది కొవ్వు అంటుకున్న వైపు పడితే, ఎంత మంచి కెమెరాకైనా కనబడదు.

రెండోది క్లిప్పు. ఎండోస్కోపు గుండా చిన్న లోహపు క్లిప్పును కణితి అంచున బిగిస్తారు. స్థానం చెప్పడంలో ఇది సిరాకన్నా కచ్చితం, ఎందుకంటే సిరా ఒలికినట్టు వ్యాపిస్తుంది, క్లిప్పు పెట్టిన చోటే ఉంటుంది. జీర్ణాశయంలో కోత గీత సెంటీమీటర్లలో తేలాలి గనుక జపాన్ సర్జన్లు దీనికే మొగ్గు చూపారు. దీనికి రెండు లోపాలున్నాయి. బయటి నుంచి కనబడదు. వేళ్లతో తడిమే అవకాశం లేదు కాబట్టి ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే తీయాలి. రోబో చేతులు రోగి మీద వాలి ఉండగా ఎక్స్‌రే యంత్రాన్ని లోపలికి తేవడం పెద్ద తతంగం. రెండోది, క్లిప్పు రోజుల్లోనో వారాల్లోనో ఊడి మలంతో పోవచ్చు. కొన్ని రకాల క్లిప్పులు ఉండగా ఎంఆర్ఐ తీయకూడదు కూడా, పురీషనాళ రోగులకు ఇది ముఖ్యం. మొదటి లోపాన్ని దాటడానికి జపాన్‌లో జియాన్ మెడికల్ సంస్థ వెలిగే రెసిన్ పూసిన క్లిప్పును తయారుచేసింది. మామూలు వెలుతురులో అది మామూలు క్లిప్పే. పరారుణ కాంతి పడితే గోడ అవతలికి మెరుస్తుంది.

ఈ మెరుపుతోనే రోబో తన సొంత సామర్థ్యాన్ని చూపుతుంది. ఐసీజీ అని పిలిచే ఇండోసయనిన్ గ్రీన్ ముదురు ఆకుపచ్చ రంగు మందు. 1950ల నుంచి గుండె, కాలేయ పరీక్షల్లో వాడుతున్నారు. రక్తంలోకి ఎక్కిస్తే మూడు నాలుగు నిమిషాల్లో సగం పోతుంది, కాలేయం దాన్ని పిత్తంలోకి నెట్టేస్తుంది. ప్రమాదం చాలా తక్కువ. అయోడైడ్ కలుస్తుంది గనుక అయోడిన్ పడనివారి విషయంలో జాగ్రత్త పడతారు. దాదాపు 800 నానోమీటర్ల పరారుణ కాంతి తగిలితే అది ఇంకొంచెం పొడవు తరంగంలో వెలుగు విడుస్తుంది. ఆ వెలుగును చూసే ఫైర్‌ఫ్లై కెమెరా 2011 నుంచి డావిన్సీలో ఉంది. కాలి దగ్గరి మీటనో చేతి మీటనో మార్చగానే తెర మీది పేగులన్నీ బూడిద రంగుకు తిరుగుతాయి, మందున్న చోటు మాత్రం పచ్చగా వెలుగుతుంది. ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు ఎండోస్కోపుతో కణితి పక్కన శ్లేష్మ పొర కింద ఎక్కిస్తే, సిరా కనబడని పలుచని కొవ్వు వెనక నుంచి కూడా ఇది తెలుస్తుంది. గోడ దాటి చిందినా సిరాలాగా అంతా మసిబార్చదు, మామూలు వెలుతురులో పని సాగిపోతుంది. అయితే పరారుణ కాంతి కణజాలంలోకి సెంటీమీటరు లోపే దిగుతుంది. పేగు చుట్టూ కొవ్వు మందంగా ఉంటే అదీ ఓడిపోతుంది. వారం దాటితే మందు కరిగి నమ్మకం తగ్గుతుంది. పైగా ఐసీజీకి క్యాన్సర్ కణమంటే తెలియదు. డాక్టరు ఎక్కడ ఎక్కిస్తే అక్కడ వెలుగుతుందంతే. కాలేయానికి పాకిన గడ్డల విషయం కాస్త వేరు. అక్కడ ముందు రోజుల్లో రక్తంలోకి ఇచ్చిన మందు గడ్డ చుట్టూ పిత్తం కదలని చోట నిలిచిపోయి, ఉంగరంలా మెరుస్తుంది.

చివరి మార్గం ఆపరేషన్ జరుగుతుండగానే మళ్లీ గొట్టం వేయడం. అన్నిటికన్నా నమ్మదగ్గది ఇదేనని చెప్పవచ్చు, కణితిని చూస్తూనే గీత గీస్తారు గనుక. ఎండోస్కోపు బొమ్మను కన్సోల్ తెరలోనే ఒక పక్క చూసుకునే వీలు డావిన్సీలో ఉంది. అల్ట్రాసౌండ్ కొసను లోపలికి వదిలి రోబో చేత్తోనే పట్టుకుని తిప్పే వీలూ ఉంది, కాలేయంలో అది బాగా పనికొస్తుంది. కానీ గాలి నింపి చూస్తే పేగు ఉబ్బి రోబోకు చోటు చాలదు. త్వరగా ఇంకిపోయే కార్బన్ డయాక్సైడ్ వాడితే ఆ ఇబ్బంది తగ్గుతుంది. ఇంకో నిపుణుడు, ఇంకో యంత్రం, ఇంకొంత మత్తు సమయం కావాలి. హైదరాబాద్‌లో డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి స్థాపించిన ఏఐజీ లాంటి చోట గొట్టం వేసేవారూ కోసేవారూ ఒకే కప్పు కింద ఉంటారు గనుక ఇది పెద్ద విషయం కాదు. అన్ని ఆసుపత్రులూ అలా ఉండవు.

ఇప్పుడు రామసముద్రం వైపు చూద్దాం. ఈ మండలం కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉంది, అవతల కోలారు జిల్లా. మలంలో రక్తం పడుతోందని ఇక్కడి రైతు మొదట పుంగనూరులోనో మదనపల్లెలోనో చూపించుకుంటాడు. కుప్పం వైపువారికి పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి దగ్గర. గట్టి జబ్బు అని తేలితే తిరుపతి స్విమ్స్, 2022లో అక్కడే టాటా ట్రస్టుల చేయూతతో మొదలైన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ సంస్థ, లేదంటే రాయవెల్లూరు సీఎంసీ, బెంగళూరు, హైదరాబాద్. మొదటి గొట్టం పరీక్షకూ ఆపరేషన్‌కూ మధ్య ముక్క పరీక్ష ఫలితం, స్కాన్లు, డబ్బు సర్దుబాటు, ఆరోగ్య పథకం అనుమతి, తోడు వచ్చేవారి తీరిక, ఇవన్నీ దాటాలి. వారాలు ఇట్టే గడిచిపోతాయి. ఈ లెక్కలో పద్ధతుల మంచిచెడ్డలు తిరగబడతాయి. జపాన్‌లో ఆపరేషన్‌కు ముందురోజు అదే ఆసుపత్రిలో పెట్టే వెలిగే క్లిప్పు, ఐసీజీ గొప్పగా పనిచేస్తాయి. నాలుగు వారాలు, మూడు ఊళ్లు దాటి వెళ్లే రోగికి అవి దారిలోనే అయిపోతాయి. నిలిచేది సిరా. పుస్తకాల్లో పాతబడ్డదనిపించే పద్ధతే ఇక్కడ ఎక్కువ అక్కరకొచ్చేది. రోబో ఉన్న పెద్దాసుపత్రి ఐసీజీని దానికి తోడుగా చివర్లో చేర్చుకోవచ్చు.

దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ బలమైనది. తొలిదశ క్యాన్సర్లు దొరకడం జపాన్, కొరియాల సంగతి, అక్కడ లక్షణాల్లేనివారికి కూడా ప్రభుత్వమే పొట్ట పరీక్షలు చేయిస్తుంది. మన దగ్గర జీర్ణాశయ క్యాన్సర్ ఎక్కువగా ముదిరాకే బయటపడుతుంది, గడ్డ బయటికే కనబడుతుంటే గుర్తెందుకు అంటారు. కానీ ముదిరిన కణితి బయటికి కనబడేది చికిత్స మొదలయ్యేదాకే. జర్మనీలో జరిగిన ఫ్లాట్4 అధ్యయనంలో, ఆపరేషన్‌కు ముందు నాలుగు మందుల కలయిక ఇచ్చిన జీర్ణాశయ రోగుల్లో 16 శాతం మందికి కోసి తీసిన ముక్కలో క్యాన్సర్ కణమే మిగల్లేదు. పురీషనాళంలో కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చాక పుండు పూర్తిగా మానిపోవడం ఇప్పుడు అరుదేమీ కాదు. మానిన చోటు కనిపెట్టడం తొలిదశ మచ్చను కనిపెట్టడం కన్నా కష్టం. కాబట్టి ముదిరిన జబ్బున్నవారికీ మందులు మొదలుపెట్టే ముందే గుర్తు పెట్టాలి. ఇంకో రకం రోగులున్నారు. చిన్న బుడిపె కదా అని కొలొనోస్కోపీలోనే తీసేస్తారు, పది రోజుల తర్వాత రిపోర్టులో క్యాన్సర్ అని వస్తుంది. అప్పటికి గాయం మానే దశలో ఉంటుంది. ఇంకో రెండు వారాలు పోతే అది ఎక్కడో ఎవరికీ తెలియదు. అనుమానం ఉన్న బుడిపెను తీసిన రోజే పక్కన సిరా వేయడం ఇందుకే.

రెండో ఆక్షేపణ పెద్దాసుపత్రుల నుంచి వస్తుంది. ఎవరో వేసిన గుర్తును నమ్మం, ఎలాగూ మా దగ్గర మళ్లీ గొట్టం వేస్తాం, చిన్న చోట్ల సిరా వేయించి చిందరవందర చేయడమెందుకు అని. మళ్లీ చూడడం మంచిదే. ముఖ్యంగా జీర్ణాశయంలో పై అంచు తేల్చడానికి తప్పనిసరి. కానీ మానిపోయిన పుండును, తీసేసిన బుడిపె చోటును రెండోసారి చూసే నిపుణుడు కూడా కనిపెట్టలేడు. పెద్దపేగు పరీక్షంటే లీటర్ల కొద్దీ మందు తాగి పేగు కడుక్కోవడం, ఒక రోజు కూలి పోవడం, మళ్లీ ఖర్చు. అడ్డుపడ్డ కణితి ఉన్నవారికి ఆ కడుగుడు ప్రమాదం కూడా. సరిగ్గా వేయని సిరా హాని చేస్తుందన్నది నిజమే. దానికి విరుగుడు సెలైన్ బొబ్బ పద్ధతిని నేర్పించడం. అది రోబోలాగా కోట్ల వ్యవహారం కాదు. ఇంకా, గుర్తు అక్కర్లేని చోట్లు కూడా నేర్చుకోవాలి. పెద్దపేగు మొదలైన సీకంలో, పురీషనాళపు కింది భాగంలో మామూలుగా సిరా వేయరు, ఆ చోట్లు వాటంతట అవే తెలుస్తాయి.

ఈ ప్రాంతానికి సంబంధించిన ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ చికిత్సాలయం మొదలైంది, దక్షిణాదిలో ఆ జబ్బుతో పోరాటంలో దానిది పెద్ద చరిత్ర. క్షయ ఊపిరితిత్తుల్లోనే ఉంటుందనుకుంటాం గాని, చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోట అది గడ్డ కట్టి, పేగును ఇరుకు చేసి, అచ్చం క్యాన్సర్‌లాగే కనిపిస్తుంది. స్కాన్‌లో తేడా తెలియని సందర్భాలున్నాయి. మందులతో మానేదాన్ని కోసి తీయడం ఎవరూ కోరుకోరు. గడ్డ ఎక్కడుందన్న ప్రశ్న కన్నా ముందు అదేమిటన్నది ముక్క పరీక్షతో తేలాలి, మన దగ్గర మరీ ముఖ్యంగా.

క్యాన్సర్ కణాన్నే గుర్తుపట్టి అంటుకునే మెరుపు మందుల కోసం పరిశోధన సాగుతోంది. పెద్దపేగు క్యాన్సర్లలో ఎక్కువగా ఉండే సీఈఏ అనే ప్రోటీన్‌ను పట్టుకునే ఎస్‌జీఎం-101 వాటిలో ఒకటి. అండాశయ క్యాన్సర్‌కు ఇలాంటి మందు ఒకదానికి 2021లో అమెరికా అనుమతి వచ్చింది. స్కాన్ బొమ్మను రోబో తెర మీద అతికించి చూపే ప్రయత్నాలూ ఉన్నాయి. మూత్రపిండంలో కొంత సాగాయి. క్షణక్షణం కదిలి, మడతలు పడే పేగు మీద బొమ్మ నిలబడడం కష్టంగా ఉంది.

అప్పటిదాకా ఎక్కువ పని చేసేది రిపోర్టులోని నాలుగు వాక్యాలే. కణితి పేగులో ఏ భాగంలో ఉంది, ఏ గుర్తుకు ఎటువైపు, సిరా కణితికి పైనా కిందా, ఎంత దూరంలో, చుట్టూ ఎన్ని చోట్ల, ఏ తేదీన వేశారు, ఇవి రాసి ఫొటోలు జతచేయాలి. సిరా కణితికి కింద వేశారో పైన వేశారో రాయకపోతే, నల్లమచ్చ కనబడ్డా ఎటువైపు కోయాలో సర్జన్‌కు తెలియదు. సమీక్షల్లో సిరా వేసినా తప్పిన కేసుల్లో కొన్ని ఇలాంటివే. ఇంత జరిగాక కూడా ఆఖరి పరీక్ష ఒకటుంటుంది. తీసిన ముక్కను సంచిలో పెట్టి బయటికి తెచ్చి, పేగు చివరలను కలిపే ముందే పక్క బల్ల మీద నిలువునా చీల్చి చూస్తారు. కణితి కనబడాలి, రెండు వైపులా తగినంత ఆరోగ్యమైన గోడ ఉండాలి. జీర్ణాశయంలో అనుమానం ఉంటే అంచు ముక్కను గడ్డకట్టించి అక్కడికక్కడే సూక్ష్మదర్శిని కింద చూస్తారు. అంచులో క్యాన్సర్ కనబడితే ఇంకో సెంటీమీటరు కోస్తారు. కణితే కనబడకపోతే రోబో చేతులు మళ్లీ లోపలికి వెళతాయి, ఈసారి గొట్టం వేసే డాక్టరు పక్కనే ఉండగా.